పసిరికలు కనబడ్డది ఎన్నో రోజున?

మా వాడు పుట్టింది నల్లగొండలో, సోమవారం తెల్లవారుజామున. మామూలు కాన్పే. బుధవారం పొద్దున డిశ్చార్జి చేస్తే మధ్యాహ్నానికల్లా దేవరకొండ అవతల మా ఆవిడ తల్లిగారింటికి చేరాం. బాలింత గది అప్పటికే సిద్ధంగా ఉంది. ఒకటే చిన్న కిటికీ, గాలి తగలకుండా దానికీ పాత దుప్పటి కట్టారు. లోపల ఒక పచ్చటి బల్బు. ఆ వెలుగులో మనుషులంతా పచ్చగానే ఉంటారు కాబట్టి, శుక్రవారం సాయంత్రం చుట్టాలావిడ ఒకామె చూస్తానని వాకిట్లోకి ఎత్తుకొచ్చేదాకా, బిడ్డ ఒళ్లు పచ్చబడ్డ సంగతి మాలో ఎవరికీ తెలియలేదు. మా అత్తమ్మ మాత్రం కంగారు పడలేదు. "పసిరికలే బిడ్డా. పసిగుడ్లకు గవి అయితనే ఉంటయి. పొద్దుగాల లేత ఎండల పండవెడ్తే గవే పోతయి" అంది మా ఆవిడతో.

ఆమె చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. నెల నిండి పుట్టిన పిల్లల్లో నూటికి 60 మందికి, నెల తక్కువ పిల్లల్లో 80 మందికి మొదటి వారంలో ఎంతో కొంత కామెర్లు కనిపిస్తాయి. ఎక్కువమందికి ఏ మందూ లేకుండానే తగ్గిపోతాయి. చిక్కల్లా మిగిలిన ఆ కొద్దిమందితోనే. వాళ్లూ చూడటానికి మిగతా పిల్లల్లాగే పచ్చగా ఉంటారు. వీళ్లను వాళ్లలోంచి ఎలా వేరు చేయాలన్నది ఆ వారం రోజుల్లో నేను నేర్చుకున్న విషయం. డాక్టరమ్మ మమ్మల్ని మొదట అడిగింది "ఎంత పచ్చగా ఉన్నాడు" అని కాదు. "మొదట ఎప్పుడు కనబడింది? ఇప్పటికి పుట్టి ఎన్ని గంటలైంది?" అని.

మన దగ్గర ఇంకో గందరగోళం మాటతోనే మొదలవుతుంది. పెద్దవాళ్లకు పాడు నీళ్లు తాగి కాలేయం వాచి వచ్చేదాన్నీ, నాలుగు రోజుల పసిగుడ్డుకు కనిపించేదాన్నీ పసిరికలు, కామెర్లు అనే అంటాం. పేరు ఒకటే అయ్యేసరికి వైద్యం కూడా అటుది ఇటు వస్తుంది. పెద్దవాళ్లకు చెప్పే పథ్యం బాలింతకు పెడతారు. పప్పు వద్దు, నూనె వద్దు, పసుపైతే అసలే వద్దు. తల్లి పసుపు తింటే పాలల్లోంచి పోయి బిడ్డ పచ్చబడతాడన్నది ఎంత సహజంగా వినిపిస్తుందో అంత అబద్ధం. ఇంకొందరు పసరు పోయిస్తారు, చురకలు పెట్టిస్తారు. పది రోజుల్లో వాటంతట అవే తగ్గే కామెర్లే ఎక్కువ కాబట్టి, ఆరో రోజున పసరు పోసిన మనిషికి పదో రోజున పేరొస్తుంది. తగ్గని బిడ్డ సంగతి ఊళ్లో ఎవరూ చెప్పుకోరు.

రంగు ఎక్కడిది?

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఊపిరి తల్లి రక్తంలోంచి అందాలి. అందుకని బిడ్డ ఒంట్లో ఎర్ర రక్తకణాలు మనకన్నా ఎక్కువగా ఉంటాయి. బయటికొచ్చి సొంతంగా గాలి పీల్చాక అన్ని కణాలతో పని లేదు. పైగా పసిబిడ్డ రక్తకణాల ఆయుష్షు 70 నుంచి 90 రోజులే, పెద్దవాళ్లవి 120 రోజులు బతుకుతాయి. అలా చితికిపోయిన కణాల్లోంచి బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం పుడుతుంది. దాన్ని కరిగే రూపంలోకి మార్చి పేగుల్లోకి పంపడం కాలేయం పని. ఇన్నాళ్లూ ఆ పని మాయ ద్వారా తల్లి కాలేయమే చేసిపెట్టింది. బొడ్డు కోసిన క్షణం నుంచి బిడ్డ కాలేయం చూసుకోవాలి. కొత్త కాబట్టి మొదటి నాలుగు రోజులు దానికి చేతనవదు. సరుకు ఎక్కువ, పనివాడు కొత్తవాడు. మామూలు కామెర్లంటే ఇంతే.

ఇందులో పాలకు సంబంధించిన ముడి ఒకటుంది. కాలేయం పేగుల్లోకి పంపిన బిలిరుబిన్ దొడ్డికి పోతేనే బయటికి పోయినట్టు. పోకుండా పేగుల్లోనే నిలిస్తే మళ్లీ రక్తంలోకి పీల్చుకోబడుతుంది. పుట్టగానే పిల్లలు పోయే తారులాంటి నల్లటి దొడ్డి నిండా ఇదే ఉంటుంది. దాన్ని తొందరగా తోసేసేవి ముర్రుపాలు. ఎంత త్వరగా, ఎన్నిసార్లు పాలు తాగితే అన్నిసార్లు పేగు కదులుతుంది, అంత పచ్చదనం బయటికి పోతుంది. ముర్రుపాలు పిండి పారబోసి మూడో రోజుదాకా చక్కెర నీళ్లు పట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ నీళ్లు మూత్రంగా పోతాయి తప్ప పేగును కదిలించవు. కాలేయం ఇంకా మార్చని బిలిరుబిన్ నీళ్లలో కరగదు, మూత్రంలో పోదు. అంటే నీళ్లు పట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు సరికదా, ఆ కడుపులో పట్టాల్సిన పాలు తగ్గిపోతాయి. మే నెల ఎండల్లో కూడా ఆరు నెలల దాకా బిడ్డకు నీళ్లు వద్దనేది ఇందుకే. పాలల్లో ఉన్న నీళ్లే చాలు. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన మనుషులను చూసిన జిల్లా మనది, మన నీళ్ల మీద మనకుండాల్సిన అనుమానం చక్కెర నీళ్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవుతుందో నాకు అర్థం కాదు.

ఆపరేషన్ కాన్పుల్లో ఈ పాల సంగతి ఇంకా తేలికగా తప్పిపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21) లెక్కల ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్‌తోనే. కుట్ల నొప్పితో తల్లి పక్కకు తిరగలేదు, పాలు పడటం ఒకట్రెండు రోజులు ఆలస్యమవుతుంది. ఈలోపు ఎవరో ఒకరు డబ్బా పాలు తెస్తారు. తల్లికి సాయం చేసి, పడుకున్నచోటే బిడ్డను రొమ్ముకు పట్టించే మనిషి ఒకరు పక్కన ఉంటే చాలావరకు దారిలో పడుతుంది. ఆ పని మందుల చీటీ మీద ఉండదు.

మా వాడి విషయంలో జరిగింది కూడా ఇదే. పుట్టినప్పుడు 2.6 కిలోలు. శుక్రవారం రాత్రి తూచితే 2.3. మొదటి రోజుల్లో పిల్లలు కాస్త తగ్గడం మామూలే, నూటికి ఏడు పాళ్ల వరకు పట్టించుకోరు, పది దాటితే పాలు సరిపోవడం లేదని అర్థం. మా వాడు పదకొండు దాటాడు. "మంచిగ పండుకుంటుండు, ఏడుస్తలేడు" అని మేం మురిసిపోతున్నది నిజానికి నీరసం. ఎండిపోతున్న బిడ్డ, పచ్చబడుతున్న బిడ్డ రెండింట్లో దేనికైనా ఎక్కువ నిద్రే వస్తుంది. మగతలో పాలు తాగడు, తాగక ఇంకా పచ్చబడతాడు. అయిదో రోజు నాటికి రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తున్నాడా, నల్లటి దొడ్డి పోయి పసుపు రంగులోకి మారిందా అని చూసుకోవాలని మాకెవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితం మీద మళ్లీ ఎప్పుడు చూపించాలో తేదీ కూడా రాయలేదు.

గంటల లెక్క

ఇప్పుడు అసలు విషయం. మామూలు కామెర్లు రెండో మూడో రోజున మొదలై, మూడు నుంచి అయిదో రోజు మధ్య శిఖరానికి వెళ్లి, వారం నుంచి రెండు వారాల్లో తగ్గుతాయి. నెల తక్కువ పిల్లల్లో ఇంకొంచెం ఆలస్యం. మామూలు కాన్పు తల్లిని 48 గంటలకు ఇంటికి పంపుతారు. అంటే కామెర్లు ఎక్కువయ్యేది సరిగ్గా బిడ్డ ఇంటికొచ్చాక, చీకటి గదిలోకి చేరాక. ఆసుపత్రిలో ఎంత జాగ్రత్తగా చూసినా ఈ సందు మిగిలే ఉంటుంది.

ఈ లెక్కకు అటూ ఇటూ పడ్డవే భయపడాల్సినవి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చదనం కనిపిస్తే దాన్ని మామూలు కామెర్లు అనుకోవడానికి వీల్లేదు. చాలాసార్లు రక్తకణాలు అడ్డగోలుగా పగిలిపోతున్నాయన్నమాట. తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు బిడ్డ రక్తం మీద పడతాయి. సాధారణంగా మొదటి బిడ్డకు ఏమీ కాదు, ఆ కాన్పులో రాజుకున్నది రెండో బిడ్డ మీద చూపిస్తుంది. మొదటి కాన్పయిన 72 గంటల్లోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ వేస్తే ఆ ముప్పు దాదాపు తప్పుతుంది. తల్లి గ్రూపు నెగెటివ్ అని ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) మీద రాసి ఉంటే ఆ ఇంజెక్షన్ సంగతి అడిగి వేయించుకోవడం ఇంట్లోవాళ్ల పని కూడా. గర్భస్రావం జరిగినా అది అవసరమే, చాలామందికి ఇది తెలియదు. తల్లిది 'ఓ' గ్రూపు, బిడ్డది 'ఏ' లేదా 'బీ' అయినా ఇలాంటిదే కొంచెం తేలిగ్గా రావచ్చు.

ఇంకొకటి చెప్పాలి. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉండే పిల్లలుంటారు, వాళ్లలో మగపిల్లలే ఎక్కువ. కొన్ని వస్తువులు తగిలితే వాళ్ల రక్తకణాలు పుటుక్కున పగులుతాయి. అందులో ముఖ్యమైనది కలరా ఉండలు. మన ఇళ్లలో పసిబిడ్డకు కొత్త బట్టలు తొడగరు, పాత మెత్తటి చీరలే పొత్తిగుడ్డలు. మంచి అలవాటే. కానీ ఆ చీరలు ఏళ్లుగా ఉన్నది ఏ పెట్టెలో? కలరా ఉండలు వేసిన పెట్టెలో. ఆ వాసన పీల్చినా చాలు. తీసి, ఉతికి, రెండు రోజులు ఎండలో ఆరేసి గానీ బిడ్డకు చుట్టకూడదు, ఆ ఉండలను బాలింత ఉన్న గదిలోకే రానివ్వకూడదు.

రక్తపరీక్షలో వచ్చే అంకెను కూడా రోజుతో కలిపి చదవాలి. పెద్దవాళ్లలో బిలిరుబిన్ డెసిలీటరు రక్తానికి 1 మిల్లీగ్రాము దగ్గరుంటుంది. పసిబిడ్డలో 5 దాటాక గానీ కంటికి కనిపించదు. నెలలు నిండిన ఆరోగ్యమైన బిడ్డకు అయిదో రోజున 12 వస్తే డాక్టరు పాలు బాగా పట్టమని ఇంటికి పంపవచ్చు. అదే 12 మొదటి రోజున వస్తే వెంటనే చేర్చుకుంటారు. పక్కింటి బిడ్డకు పద్నాలుగు ఉన్నా ఏమీ చేయలేదు, మా బిడ్డకు పదకొండుకే లైట్ల కింద పెట్టి బిల్లు వేశారని తిట్టుకునేవాళ్లను ఆ వార్డు బయట చూశాను. ఎన్ని గంటల బిడ్డ, ఎన్ని వారాలకు పుట్టాడు అన్నది కలపకపోతే ఆ అంకెకు అర్థం లేదు. మా వాడు 37వ వారంలో పుట్టాడు, అయిదో రోజు పొద్దున 19.4 వచ్చింది. బరువు కూడా అంత తగ్గడంతో వెంటనే లైట్ల కిందికి పంపారు.

అంకె చూడకుండా కంటితో పోల్చుకోలేమా? కొంతవరకే. పచ్చదనం ముఖం నుంచి మొదలై ఛాతీ, పొట్ట, కాళ్లు అంటూ కిందికి దిగుతుంది. పగటి వెలుతురులో, నుదుటి మీదో ఛాతీ మీదో వేలితో నొక్కి వదిలి, తెల్లబడాల్సిన చోట పచ్చగా ఉందేమో చూడాలి. చామనఛాయ, నలుపు ఒళ్లలో ఇది సరిగ్గా తెలియదు, కంటి తెల్లగుడ్డు, చిగుళ్లు కొంచెం నయం. అరచేతులు, అరికాళ్లు పచ్చబడ్డాయంటే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. బిలిరుబిన్ హద్దు దాటితే మెదడులోకి దిగుతుంది. ముందు మగత, పాలు పట్టకపోవడం, ఒళ్లు వాలిపోవడం. తర్వాత కీచుమని ఏడుపు, వెనక్కి విల్లులా వంగడం. అప్పుడు బతికినా వినికిడి పోవచ్చు, కాళ్లూ చేతులూ జీవితాంతం స్వాధీనంలో ఉండకపోవచ్చు.

ఎండ మాటేమిటి?

మా అత్తమ్మ వైద్యానికి వద్దాం. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయడం సులువు, కానీ అది నిజం కాదు. ఇప్పుడు ఆసుపత్రుల్లో కనిపించే నీలి లైట్లు పుట్టింది ఎండలోంచే. 1956లో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే సిస్టరు, ఎండ కాసిన రోజుల్లో పసిపిల్లలను తోటలోకి తీసుకెళ్లేది. ఒకరోజు ఆమె డాక్టర్లకు చూపించిన బిడ్డ ఒళ్లంతా పచ్చదనం తగ్గి, దుప్పటి చెంగు కప్పిన చోట మాత్రం త్రికోణంలా ముదురు పసుపు మిగిలి ఉంది. ఆ తర్వాత కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిన రక్తం సీసాలో బిలిరుబిన్ తగ్గినట్టు కనిపించింది. రిచర్డ్ క్రెమర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు దాన్ని పట్టుకుని లైటు తయారుచేసి, 1958లో ప్రచురించారు. వెలుతురులోని నీలిభాగం తగిలితే చర్మం కింద బిలిరుబిన్ ఆకారం మారి, కాలేయం సాయం లేకుండానే పిత్తంలో, మూత్రంలో పోగలుగుతుంది. దాన్నే ఫొటోథెరపీ అంటారు. మన వాళ్ల భాషలో "బాక్సుల పెట్టిండ్రు".

మరి ఎండలోనే పెడితే ఏం పోయింది? కొలత పోయింది. లైటు కింద బిడ్డను గుడ్డలు లేకుండా, కళ్లకు గంతలు కట్టి, లంగోటీతో పడుకోబెడతారు. పాలకు తప్ప బయటికి తీయకుండా రోజంతా ఉంచి, మధ్యమధ్యలో రక్తం పరీక్షిస్తారు. మనం పొద్దున పది నిమిషాలు ముఖం కనిపించేలా దుప్పట్లో చుట్టి వాకిట్లో కూర్చోవడం అందులో ఎన్నో వంతు? సరిపోయేంత సేపు బట్టలు విప్పి ఉంచుదామా అంటే, పుష్యమాసంలో బిడ్డ చల్లబడిపోతాడు, వేసవిలో మన దగ్గర ఎనిమిది గంటలకే చర్మం కమిలిపోతుంది. కొద్దిపాటి కామెర్లున్న బిడ్డను కాసేపు ఎండకు తిప్పితే నష్టమేమీ లేదు. ఎండకు పెట్టాం కదా అని మూడు రోజులు ఆగడంలోనే నష్టమంతా ఉంది. ఆ మూడు రోజులే లైట్లు పనిచేసే రోజులు. అవి దాటితే బిడ్డ రక్తం కొంచెం కొంచెంగా తీసి కొత్త రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

లైట్ల కింద ఉన్నప్పుడు దొడ్డి పల్చగా, ఆకుపచ్చగా అవుతుంది, ఒంటి మీద సన్నటి దద్దుర్లు లేస్తాయి. విరేచనాలు పట్టుకున్నాయని మా ఆవిడ ఏడ్చింది. బయటికి పోవాల్సిందే పోతోందని నర్సు చెప్పాక గానీ ఊరట కలగలేదు. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టించారు, పిండి గిన్నెతో కూడా పట్టారు. రెండో రోజు సాయంత్రానికి 12కు దిగింది.

ఇదంతా కార్పొరేట్ ఆసుపత్రిలోనే జరగాలని లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి జిల్లా కేంద్రాల పెద్దాసుపత్రుల్లో పసిపిల్లలకోసమే ఎస్‌ఎన్‌సీయూ వార్డులున్నాయి. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష పథకం కింద జబ్బుపడ్డ నవజాత శిశువులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు, రక్తం, రాకపోకల బండి ఉచితం. ఇంటికే వచ్చి చూసే ఏర్పాటు కూడా ఉంది. ఆసుపత్రి కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు బిడ్డను చూడాలి. మూడో రోజు, ఏడో రోజు ఎందుకు పెట్టారో ఇప్పటికి అర్థమై ఉంటుంది. కానీ కాన్పు ఒక ఊళ్లో, బాలింత ఇంకో ఊళ్లో. అత్తగారి ఊరి ఆశా దగ్గర పేరుంటుంది, తల్లిగారి ఊరి ఆశాకు వీళ్లు వచ్చిన సంగతే తెలియదు. మొదటి కాన్పులన్నీ తల్లిగారింటికే పోయే మన దగ్గర ఈ తప్పిపోవడం రోజూ జరిగేదే. వచ్చిన రోజే ఆ ఊరి ఆశాకు ఒక ఫోన్ కొడితే తీరే సమస్య.

కామెర్లు ఒక్కటే ఉండాలని కూడా లేదు. బిడ్డ నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు కాలుతున్నా, అంతకన్నా ముఖ్యంగా చల్లబడిపోయినా, ఫిట్స్ వచ్చినా, కదిలిస్తే తప్ప కదలకపోయినా అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అప్పుడు 108కి ఫోన్ చేయడమే. బొడ్డు మీద పసుపు, బూడిద, ఆముదం ఏదీ పెట్టకుండా పొడిగా వదిలేస్తే వచ్చే ఇన్‌ఫెక్షన్లలో కొన్ని రానే రావు.

పద్నాలుగో రోజు తర్వాత

మొదటి వారం గండం గడిస్తే అయిపోయిందనుకుంటాం. రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే రెండు దారులున్నాయి, ఒకటి మంచిది, ఒకటి కాదు. తల్లిపాలు బాగా తాగుతూ, బరువు పెరుగుతూ, హుషారుగా ఉన్న కొందరు పిల్లల్లో పాల గుణం వల్లే కొద్దిపాటి పచ్చదనం రెండు మూడు నెలల దాకా ఉంటుంది. పాలు ఆపాల్సిన పనిలేదు. రెండోది అరుదు. పిత్తనాళాలు మూసుకుపోయి, కాలేయం తన పని తాను చేసినా సరుకు పేగుల్లోకి రాదు. దీన్ని పట్టుకోవడానికి ముందు కావలసింది పొత్తిగుడ్డను చూసే కన్ను. దొడ్డి పసుపు రంగు పోయి సున్నంలా, బియ్యప్పిండిలా పాలిపోతుంది. నీళ్లలా ఉండాల్సిన మూత్రం గుడ్డ మీద పసుపు మరకలు వేస్తుంది. బిడ్డ మాత్రం బొద్దుగా, నవ్వుతూ ఉంటాడు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కసాయ్ అనే జపాన్ సర్జన్ పేరుతో పిలిచే ఆపరేషన్ ఒకటుంది, 60 రోజుల లోపు చేస్తేనే ఫలితం బాగుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ కాలేయం గట్టిపడి, మార్పిడి తప్ప దారి ఉండదు. అందుకని పద్నాలుగు రోజులు దాటిన పసిరికలకు బిలిరుబిన్‌లో కాలేయం మార్చినదీ, మార్చనిదీ విడివిడిగా చూసే పరీక్ష అడిగి చేయించాలి, థైరాయిడ్ కూడా చూస్తారు. తేడా ఉంటే హైదరాబాద్‌లో నిలోఫర్ లాంటి పిల్లల పెద్దాసుపత్రికి పంపుతారు.

ఇరవై ఒకటో రోజున మా వాడిని తొట్టెల్లో వేశాం. కళ్లలో ఇంకా సన్నటి పచ్చజీర. ఆ హడావుడి మధ్యలో మా ఆవిడ పొత్తిగుడ్డ పట్టుకుని వెలుతురులోకి వచ్చి, "ఇగో, పచ్చగనే ఉంది" అని నాకు చూపించింది, చుట్టాలంతా ముక్కులు మూసుకున్నారు. మరుసటి రోజు చేయించిన పరీక్షలోనూ భయపడాల్సిందేమీ లేదు, పాల వల్ల నిలిచిన పచ్చదనమే అన్నారు. రెండో నెల సగానికి అదీ పోయింది. ఎండకు పెట్టబట్టే పోయిందని మా అత్తమ్మ ఇప్పటికీ అంటుంది. బాలింత గది కిటికీకి కట్టిన దుప్పటి మాత్రం ఆవిడే తీసేసింది.